జూన్ 2 దాకా మన టీమే

మధ్యాహ్నం మూడింటికి మెట్ల మీద నీలం జెర్సీ కనబడగానే గదిలో గొడవ మొదలైంది.

"ఏందిరా గిది?" అన్నాడు కరీంనగర్, చాప మీంచి లేవకుండానే.

"కనబడతాలేదేటి? ఢిల్లీ క్యాపిటల్స్."

"అది కనబడుతున్నది. నీ ఒంటి మీదికి ఎట్లొచ్చిందని అడుగుతున్న."

అది 2024 ఏప్రిల్ 20, శనివారం. ఆ రాత్రి ఏడున్నరకి అరుణ్ జైట్లీ స్టేడియంలో ఢిల్లీకీ హైదరాబాద్‌కీ మ్యాచ్. ఈ గది జియా సరాయ్‌లో ఒక మూడంతస్తుల ఇంట్లో పై అంతస్తు. గదిలో ముగ్గురు. పేర్లు వద్దన్నారు కాబట్టి వాళ్లు ఒకరినొకరు పిలుచుకున్నట్టే ఊళ్ల పేర్లతో పిలుస్తాను. గదిలో నడిచిన మాటలు వాళ్లకి గుర్తున్నంతలో కూర్చినవి. మ్యాచ్ లెక్కలు మాత్రం స్కోర్‌కార్డులోవే.

జియా సరాయ్ చూడనివాళ్లకి రెండు ముక్కలు. ఐఐటీ ఢిల్లీ పక్కనే ఉన్న పాత పల్లె అది. నగరం చుట్టూ పెరిగి దాన్ని మింగేసింది గానీ పూర్తిగా అరిగించుకోలేదు. సరాయ్ అంటే సత్రం. దక్షిణ ఢిల్లీలో బేర్ సరాయ్, కాలూ సరాయ్, కట్వారియా సరాయ్, యూసుఫ్ సరాయ్ అని ఇలాంటివి చాలానే ఉన్నాయి. పూర్వం బాటసారులు దిగే చోట ఇప్పుడు గేట్, ఇంజనీరింగ్ సర్వీసెస్, నెట్, సివిల్స్ రాసేవాళ్లు దిగుతారు. సందులో రెండు బైకులు ఎదురైతే ఒకటి వెనక్కి పోవాల్సిందే. తలెత్తితే ఆకాశం కంటే కరెంటు తీగలే ఎక్కువ. జిరాక్స్ షాపుల్లో స్పైరల్ బైండింగ్ చేసిన నోట్సు కొత్త పుస్తకాల కంటే గౌరవంగా అమ్ముడవుతుంది. రెండో ఏడు దాటినవాడిని కొత్తవాళ్లు 'అన్నా' అంటారు. నాలుగో ఏడు దాటినవాడిని చాయ్ కొట్టువాడు కూడా చదువు సంగతి అడగడం మానేస్తాడు.

కరీంనగర్‌కి అది నాలుగో ఏడు. ఇంజనీరింగ్ సర్వీసెస్ మెయిన్స్ జూన్‌లో ఉంది. అనంతపురం సివిల్స్‌వాడు. మే 26న జరగాల్సిన ప్రిలిమ్స్ ఎన్నికల వల్ల జూన్ 16కి జరిగింది. ఆ మే 26నే ఐపీఎల్ ఫైనల్. "ఎలక్షన్ కమిషనోళ్లు నాకు ఫైనల్ చూపిచ్చల్లని డేట్లు మార్పిచ్చినారప్పా" అని మార్చి నుంచీ చెప్పుకుంటున్నాడు. మూడోవాడు వైజాగ్. ఇంకా కచ్చితంగా చెప్పాలంటే గాజువాక. మార్చిలో గేట్ ఫలితం చూసుకుని, అది ఎవరికీ చెప్పేంత గొప్పగా లేక ఇంటికి వెళ్లి, ఏప్రిల్ మొదటి వారంలో తిరిగొచ్చాడు. జెర్సీ సంగతి ఆ ప్రయాణంలోనే పడింది.

ఆ ఏడు ఢిల్లీ టీం తన మొదటి రెండు 'సొంతూరి' మ్యాచ్‌లు ఢిల్లీలో ఆడలేదు. మహిళల ప్రీమియర్ లీగ్ మార్చి 17 దాకా ఢిల్లీ మైదానంలోనే నడిచింది. పిచ్ కోలుకోవాలని సొంతిల్లు విశాఖకి మార్చుకున్నారు. మార్చి 31న చెన్నై మీద మ్యాచ్. కారు ప్రమాదం తర్వాత పదిహేను నెలలకి బ్యాటు పట్టిన రిషబ్ పంత్ అక్కడ 51 కొట్టాడు. ఢిల్లీ 20 పరుగులతో గెలిచింది. స్టాండ్ల నిండా పసుపే. చివర్లో ధోనీ 16 బంతుల్లో 37 కొడుతుంటే ఎవరి సొంత మైదానమో ఎవరికీ పట్టలేదు. మన గాజువాకవాడు మాత్రం బయట నీలం జెర్సీ కొన్నాడు. ఎందుకంటే, తనుండేది ఢిల్లీ, తన ఊరు వైజాగ్, ఢిల్లీ టీం వైజాగ్‌లో ఆడుతోంది. ఇంతకంటే లెక్క కుదిరే టీం ఎక్కడుంటుంది?

"లెక్క బరాబర్ ఉన్నది," అన్నాడు కరీంనగర్. "రెండో మ్యాచ్ సంగతి కూడ చెప్పు."

రెండో మ్యాచ్‌లో కోల్‌కతా అదే మైదానంలో 272 కొట్టింది. ఢిల్లీ 106 పరుగులతో ఓడింది. వైజాగ్ ఆ మ్యాచ్‌కి వెళ్లలేదు. వెళ్లలేదు కాబట్టి జరగలేదన్నట్టు మాట్లాడతాడు.

"మొన్న అమ్దాబాద్‌లో గుజరాత్‌ని 89కి చుట్టేసేం. అది కూడా చెప్పన్నా."

"మేం బెంగళూరుల 287 కొట్టినం. చెప్పాల్నా?"

ఇక్కడ అనంతపురం పుస్తకం మూశాడు. అనంతపురం కుర్రాళ్లకి బెంగళూరు నాలుగు గంటల దూరం. టీం ఎంచుకోవడానికి అంతకంటే కారణం అక్కర్లేదు. వాడు పుట్టు ఆర్‌సీబీ. ఐదు రోజుల కిందట, ఏప్రిల్ 15న, చిన్నస్వామిలో ట్రావిస్ హెడ్ 41 బంతుల్లో 102 కొడుతుంటే ఇదే గదిలో గోడకి తిరిగి పడుకున్నవాడు. "నా మీద పడిన పిడుగు ఇంకొగడి మీద పడితే నాకు సల్లగుంటాది. ఈపొద్దు నేను హైదరాబాదు," అన్నాడు.

"నువ్ మాకు వద్దు," అన్నాడు కరీంనగర్. "నువ్ ఏ టీం పక్కన నిలబడితే ఆ టీం ఓడుతది."

టీ కోసం కిందికి దిగితే మొదటి అంతస్తులో ఇంటాయన. అరవై దాటిన మనిషి, పడక్కుర్చీలో ఎప్పుడూ ఒకటే బనీను. ఆయన కొడుకు కాలేజీ కుర్రాడు, ఢిల్లీ టీం అంటే ప్రాణం పెడతాడు. గుమ్మంలోనే కాపు కాసి ఉన్నాడు. 'ఈ రాత్రి మీవాళ్లని ఎయిర్‌పోర్టుకి పంపిస్తాం' అన్నాడు హిందీలో. ఎయిర్‌పోర్టు మాట వినగానే కరీంనగర్ మొహం విచ్చుకుంది. వాడు ఎదురుచూస్తున్న బంతి అదే.

"ఆ ఎయిర్‌పోర్టు ఎవరు నడుపుతున్నరో ఎర్కనా భాయ్?"

ఢిల్లీ విమానాశ్రయం నడిపేది జీఎంఆర్. ఢిల్లీ క్యాపిటల్స్‌లో సగం వాటా కూడా వాళ్లదే, మిగతా సగం జేఎస్‌డబ్ల్యూది. ఆ జీఎంఆర్ మనిషి గ్రంథి మల్లికార్జునరావుది సిక్కోలు సీమలోని రాజాం. అంటే ఢిల్లీ టీంకి యజమాని తెలుగువాడు. మరి హైదరాబాద్ టీం? డెక్కన్ ఛార్జర్స్ రద్దయ్యాక 2012లో దాని చోటు కొన్నది చెన్నై సన్ టీవీ వాళ్లు. ఈ ముక్క వైజాగ్ అందుకున్నాడు.

"అదే కదా నే చెప్పేది! ఢిల్లీ టీం మావోడిది. మీ టీం అరవోళ్లది. ఇప్పుడెవడన్నా పరాయోడు?"

తన బంతి తన వికెట్టుకే తగిలిందని కరీంనగర్‌కి అప్పుడర్థమైంది. ఇంటాయన కొడుక్కి తెలుగు రాదు గానీ, ఎవరో ఓడిపోయారని తెలిసి పడీపడీ నవ్వాడు.

ఇంటాయన కుర్చీలోంచి ఒక్క మాటే అన్నాడు. 1999 ఫిబ్రవరి 7న తను కోట్లాలోనే ఉన్నానని. ఫిరోజ్ షా కోట్లా. 2019లో పేరు మారింది కానీ ఆయన నోట్లో మారలేదు. ఆ రోజు అనిల్ కుంబ్లే పాకిస్తాన్ మీద ఒకే ఇన్నింగ్స్‌లో పది వికెట్లూ తీశాడు, 74 పరుగులకి. ఈ కథ ఆయన కొత్తగా దిగిన ప్రతివాడికీ అడ్వాన్సు తీసుకునేటప్పుడు చెబుతాడట. 'అలాంటి గ్రౌండు మాది' అన్నది సారాంశం.

కరీంనగర్ చెప్పులు విడిచి మరీ ఆయన ముందు కూచున్నాడు. "అంకుల్‌జీ, పదో వికెట్ ఎవరిది?" వసీం అక్రమ్‌ది. "క్యాచ్ పట్టింది ఎవరు?" ఆయన ఆలోచించాడు. షార్ట్ లెగ్‌లో పట్టింది వీవీఎస్ లక్ష్మణ్. "కెప్టెన్ ఎవరు?" అజారుద్దీన్. ఇద్దరూ హైదరాబాదీలే. పెద్దాయన కాసేపు తీగల వైపు చూశాడు. తర్వాత లోపలికి తిరిగి నాలుగు చాయ్‌లు చెప్పాడు. నాలుగేళ్లలో ఆయన చాయ్ పోయించడం అదే మొదటిసారి అని కరీంనగర్ ఇప్పటికీ ఒట్టేసి చెబుతాడు.

మళ్లీ పైకి. ఇంతకంటే పాత పద్దులు తెరుచుకున్నాయి. 2009లో దక్షిణాఫ్రికాలో సెమీఫైనల్: గిల్‌క్రిస్ట్ 35 బంతుల్లో 85, ఢిల్లీ ఇంటికి, డెక్కన్ ఛార్జర్స్ ఫైనల్‌కి, అక్కణ్ణుంచి కప్పుకి. కరీంనగర్ అప్పుడు బడి పిల్లవాడు. తిరుగుజమా 2019 మే 8 ఎలిమినేటర్: పంత్ 21 బంతుల్లో 49, ఢిల్లీ రెండు వికెట్లతో గెలుపు, హైదరాబాద్ ఇంటికి. అది జరిగింది ఎక్కడ? విశాఖపట్నంలో.

"మా ఊర్లో మిమ్మల్ని ఓడించేరు. మేం కూకుని చూసేం," అన్నాడు వైజాగ్.

"అప్పుడు నువ్ ఎవలకు చప్పట్లు కొట్టినవ్రా?"

వైజాగ్ దీనికి జవాబు చెప్పలేదు. 2019లో వాడు నారింజ టోపీలో ఉన్నాడని, ఆ ఫొటో ఉందని తర్వాత బయటపడింది.

అసలు మెలిక అది కాదు. హైదరాబాద్ టీంలో గాజువాక పిల్లాడు ఒకడున్నాడు. నితీష్ కుమార్ రెడ్డి. ఇరవై ఏళ్లవాడు. కొడుకు ఆట కోసం తండ్రి హిందుస్తాన్ జింక్‌లో ఉద్యోగం వదులుకున్న సంగతి గాజువాకలో అందరికీ తెలుసు. పదకొండు రోజుల కిందట, ఏప్రిల్ 9న, పంజాబ్ మీద 37 బంతుల్లో 64 కొట్టాడు. ఆ రాత్రి గాజువాక సగం మంది వాట్సాప్ స్టేటస్ వాడిదే. మన వైజాగ్‌ది కూడా. ఇప్పుడు ఒంటి మీద ఢిల్లీ, ఫోన్లో నితీష్.

"రెండు పడవలల్ల కాలు," అన్నాడు కరీంనగర్. "ఏదో ఒకటి తేల్చు. మా హైదరాబాద్ టీంల ఆడేటోణ్ణి నువ్ ఎట్ల పెట్టుకుంటవ్?"

"మా హైదరాబాదేటి? జూన్ 2 దాకా అది మాకూ రాజధానే."

ఈ మాటకి అనంతపురం లేచి నిలబడి చేతులు జోడించాడట. విభజన చట్టంలో ఉమ్మడి రాజధాని గడువు పదేళ్లు, 2024 జూన్ 2తో సరి. గదిలో చట్టం చదివేది వాడొక్కడే. "సెక్షన్ 5," అన్నాడు. "ఫైనల్ మే 26. గడువు లోపలే ఉండాది. కాబట్టి లీగల్‌గా సన్‌రైజర్స్ ఇద్దరిదీ."

"ఆంధ్రాభవన్ ఎట్లయితే పంచుకున్నరో గిది గూడ గట్లనే పంచుకుందాం," అన్నాడు కరీంనగర్. అశోకా రోడ్డులోని భవన్ పంపకం ఎన్నాళ్లుగానో నలిగి ఆ మార్చిలోనే ఓ కొలిక్కి వచ్చింది. "బౌలింగ్ మీరు తీసుకోండ్రి. బ్యాటింగ్ మాకు."

ఇంతలో ఫోన్ మోగింది. ఇదే గదిలో రెండేళ్లుండి, చివరికి గేట్ మానేసి ఒహాయో స్టేట్‌కి ఎంఎస్‌కి వెళ్లిన నిజామాబాద్ వాడు. అక్కడ ఇంకా పొద్దున. మ్యాచ్ కోసమే అలారం పెట్టుకున్నాడు. అక్కడి కాలేజీ ఫుట్‌బాల్ సంగతి చెప్పి వీళ్లని నవ్వించాడు. నవంబర్‌లో మిషిగన్‌తో ఆట ఉన్న వారం క్యాంపస్‌లో ఎక్కడ 'ఎమ్' అక్షరం కనబడినా దాని మీద ఎర్రటేపుతో అడ్డంగా 'ఎక్స్' అంటిస్తారట. మిషిగన్ మొదటి అక్షరం అది కాబట్టి. బిల్డింగుల పేర్లు, బోర్డులు, ఏదీ వదలరట. పోయిన నవంబర్‌లో అంత టేపు అంటించీ 24-30తో ఓడిపోయారట.

"మనం గూడ 'డి' తీసేద్దాం," అని కరీంనగర్ నోట్సు మీద ఇంగ్లీషులో ఢిల్లీ రాసి మొదటి అక్షరం కొట్టేశాడు. అనంతపురం అది చూసి, హైదరాబాద్‌లో 'డి'లు రెండు ఉండాయే అన్నాడు.

పందెం తేలింది. ఓడినవాళ్లు ఆదివారం మధ్యాహ్నం ఆంధ్రాభవన్ క్యాంటీన్‌లో బిర్యానీ పెట్టించాలి. ఢిల్లీలో తెలుగువాడికి ఆదివారం అంటే ఆ బిర్యానీ క్యూ. స్టేడియంకి వెళ్లే ఆలోచన పొద్దునే పోయింది. ఐఐటీ స్టేషన్‌లో మెట్రో ఎక్కి కాల్కాజీ మందిర్‌లో మారితే ఢిల్లీ గేట్ దాకా నేరుగా బండి ఉంది. దారి దగ్గరే. టికెట్ రేట్లు చూసి ముగ్గురూ ఫోన్ మూసేశారు. కుర్చీ మీద ల్యాప్‌టాప్, ల్యాప్‌టాప్‌కి వైజాగ్ హాట్‌స్పాట్, జియో సినిమాలో తెలుగు కామెంటరీ.

ఫోన్ నెట్‌లో వచ్చే బొమ్మకీ కింద చాయ్ కొట్టులో టీవీకీ కొన్ని సెకన్ల తేడా. బౌలర్ ఇంకా పరుగెత్తుతుండగానే ఫలితం సందులోంచి మెట్లెక్కి వచ్చేస్తుంది. మామూలు రోజుల్లో అది చిరాకు. ఆ రాత్రి మాత్రం గది మొత్తం చెవులు కింద పెట్టుకుని కూచుంది.

పంత్ టాస్ గెలిచి బౌలింగ్ తీసుకున్నాడు. కింద చప్పట్లు. ఖలీల్ మొదటి ఓవర్: 19. కింద గుసగుస. లలిత్ యాదవ్ రెండో ఓవర్: 21. నోర్కియా మూడోది: 22. హెడ్ యాభై అయిపోయింది, పదహారు బంతుల్లో. అప్పటికి వాళ్లకో సూత్రం దొరికింది. కింద ఎవరూ అరవలేదంటే బంతి బౌండరీ దాటినట్టే. బౌలర్ చేయి తిప్పేలోపు సందు నిశ్శబ్దంగా ఉంటే కరీంనగర్ ముందే చేతులు పైకెత్తేవాడు. నాలుగో ఓవర్ 21. ఐదో ఓవర్ కుల్దీప్‌ది, 20. జట్టు వంద దాటింది. ఆరోది ముకేశ్‌ది, 22. ఆరు ఓవర్లకి వికెట్ పోకుండా 125. టీ20 పుట్టాక పవర్‌ప్లేలో ఎవరూ కొట్టనంత.

"సందులో కరెంటు పోయినాదేటి?" అన్నాడు వైజాగ్, ఆశగా. పోలేదు. చాయ్ మరిగే చప్పుడు మూడో అంతస్తుకి వినబడుతోంది.

ఆ టైముకి నీలం జెర్సీ తాడు మీదికెక్కింది. ఉక్కబోత అన్నాడు వైజాగ్. ఏప్రిల్ కదా, వాదించేవాడు వాదించవచ్చు.

ఏడో ఓవర్లో సందు ఒక్కసారిగా పేలింది. కుల్దీప్‌కి అభిషేక్ శర్మ దొరికాడు, 12 బంతుల్లో 46. అదే ఓవర్లో మార్‌క్రమ్. కాసేపటికి హెడ్, 32 బంతుల్లో 89. వెంటనే క్లాసెన్. స్కోరు 154 దగ్గర ఆగింది. కింద డప్పు ఏదో దొరికినట్టుంది. ఇంటాయన కొడుకు రెండంతస్తులు ఎక్కి వచ్చి గుమ్మంలో నిలబడి ఏమీ అనకుండా నవ్వి వెళ్లిపోయాడు. అప్పుడు క్రీజులో ఉన్నది నితీష్.

నితీష్ 27 బంతుల్లో 37 కొట్టాడు. ఆ రాత్రి కొట్టుడులో అది పెద్ద లెక్కలోకి రాదు. షాబాజ్ 29 బంతుల్లో 59 కొట్టి స్కోరుని 266కి చేర్చాడు. కానీ నితీష్ ఎదుర్కొన్న ఇరవై ఏడు బంతులకీ వైజాగ్ గుమ్మంలోనే నిలబడ్డాడు. లోపలికి వస్తే వికెట్ పడుతుందట. ఒక్కో పరుగుకీ ఒక్కో చప్పట. ఏ టీం చప్పట అని కరీంనగర్ అడగలేదు. అడగకపోవడమే ఆ రోజు వాడు చేసిన పెద్ద మర్యాద అని నా లెక్క.

ఢిల్లీ వదల్లేదు. పృథ్వీ షా మొదటి నాలుగు బంతులూ ఫోర్లు కొట్టి ఐదో దానికి అవుట్. తర్వాత వార్నర్. 2016లో హైదరాబాద్‌కి కప్పు తెచ్చి, తెలుగు పాటలకి డ్యాన్సులు కట్టి, ఇప్పుడు ఢిల్లీ చొక్కాలో వచ్చిన మనిషి. ఒక్క పరుగుకి పోయాడు. ముగ్గురూ ఒకేసారి "అయ్యో" అన్నారు. ఎవరి తరఫున అన్నారో ముగ్గురికీ తెలీదు. ఆ పైన ఫ్రేజర్-మెక్‌గర్క్ అనే ఆస్ట్రేలియా కుర్రాడు 18 బంతుల్లో 65 బాదుతుంటే సందు సందంతా ఇంటి గోడలెక్కింది. వైజాగ్ తాడు మీద జెర్సీ వైపు రెండుసార్లు చూశాడు. మెక్‌గర్క్ అవుటయ్యాక చూడలేదు.

పంతొమ్మిదో ఓవర్లో నటరాజన్ ఒక్క పరుగూ ఇవ్వకుండా మూడు వికెట్లు తీశాడు. ఇరవయ్యో ఓవర్ మొదటి బంతికి పంత్ కూడా అవుట్. 199. హైదరాబాద్ 67 పరుగులతో గెలిచింది. పంత్‌ని అవుట్ చేసిన బౌలర్ గాజువాక పిల్లాడే.

మర్నాడు ఆంధ్రాభవన్ క్యూలో గంట నిలబడ్డారు. బిల్లు దగ్గర వైజాగ్ తగువు పెట్టాడు: పంత్ వికెట్ మా గాజువాకది, 37 పరుగులు మా గాజువాకవి, నేను ఎలా ఓడినట్టు? అనంతపురం సెక్షన్ 5 మళ్లీ తీశాడు. చివరికి వైజాగే ఇచ్చాడు.

ఆ సీజన్లో సన్‌రైజర్స్ జూన్ 2 లోపలే ఫైనల్ చేరి, మే 26న చెన్నైలో 113కి కుప్పకూలింది. ఆ తర్వాత గది విడిపోయింది. కరీంనగర్ మాత్రం అదే సందులో ఇంకో ఇంటికి మారాడు.

2025 మార్చి 30. మళ్లీ ఢిల్లీ, హైదరాబాద్. మళ్లీ ఢిల్లీ 'సొంతూరు' విశాఖే. స్టార్క్ ఐదు వికెట్లు తీశాడు. వాటిలో నితీష్ ఒకడు, సున్నాకి. ఢిల్లీ ఏడు వికెట్లతో గెలిచింది. సాయంత్రం జియా సరాయ్‌లో కరీంనగర్ ఫోన్‌కి స్టేడియంలోంచి ఒక ఫొటో వచ్చింది: అదే నీలం జెర్సీ, కాస్త వెలిసింది. కింద మెసేజి.

"అన్నా, ఆ బిర్యానీ డబ్బులు ఫోన్‌పే చెయ్యి."

జవాబు రావడానికి పది నిమిషాలు పట్టింది.

"నితీష్ సున్నాకి పోయినప్పుడు చప్పట్లు కొట్టినవా లేదా, అది చెప్పు ముందుగాల. అప్పుడు చూద్దాం."